చీటీ అంటించని స్విచ్చి

డ్వేన్ టాలీ చేతులు కాలడానికి కారకుడు హార్లన్ ప్రూయిట్. ఇంజను ఆగితే పెట్రోలు పంపు కూడా ఆగిపోయేలా అన్సెల్మో ఉర్రూటియా గారు పెట్టిన స్విచ్చిని తీయించినవాడు ప్రూయిట్. తీయించి, ఆ తప్పును ఇప్పుడు అన్సెల్మో గారి నెత్తిన రుద్దుతున్నవాడూ ప్రూయిటే. ముందు ఇది రాయాలి. పేరూ వయసూ తరువాత.

సార్జంట్ హెండర్‌షాట్ గారు చూసి, "అలా కాదయ్యా, పేరూ వయసూ ముందు" అన్నారు. అప్పటికే సిరాతో రాసేశాను. కొట్టివేతలున్న వాంగ్మూలాన్ని కోర్టులో అనుమానంగా చూస్తారని చెప్పాను. ఆయన కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళారు.

నా పేరు తెయోదోరో వెలార్దె. అందరూ తెయో అంటారు. వయసు ఇరవై మూడు. కాలికో వెల్స్ ఊళ్ళో ప్రూయిట్ స్పీడ్ షాపులో మూడేళ్ళుగా మెకానిక్కుని. రైలు పట్టాల అవతల రెండో వీధిలో మా అక్క ఇంటి వెనక గదిలో ఉంటాను. బడిలో చదివింది పదో తరగతి దాకా. మిగతా చదువంతా రైలు యార్డు గేటు దగ్గర పంచే కార్మికుల కరపత్రాలు. ఈ వాంగ్మూలం 1973 మే 16, బుధవారం, ఉదయం తొమ్మిదీ పదికి మొదలుపెట్టాను. నా చేత్తో నేనే రాస్తానని అడిగితే సార్జంట్ గారు ఒప్పుకున్నారు.

మా షాపులో చేసే పని ఇది. నలభై ఏళ్ళ నాటి కారు బాడీ తీసుకుని, అందులో ఇప్పటి పెద్ద ఇంజను పెడతాం. మెస్కల్ ఎండు చెరువు మీద దాని వేగం చూసుకుంటారు. డ్వేన్ టాలీది 1934 నాటి కూపే, రెండు తలుపుల చిన్న కారు. డ్వేన్ రైల్వేలో బ్రేకులు చూసే మనిషి, వయసు ఇరవై ఆరు. ఆ కారు మీద నాలుగేళ్ళు పనిచేశాడు. ఎనిమిది సిలిండర్లు, రెండు కార్బరేటర్లు. వేగం అందుకున్నాక ఇంజను దప్పికతో దగ్గేది. ఇంజనుకు బిగించి ఉన్న పాత పంపు సరిపోవడం లేదు. అందుకని కరెంటుతో నడిచే పంపు పెట్టించుకోవడానికి మా దగ్గరికి తెచ్చాడు.

పంపు పెట్టింది అన్సెల్మో ఉర్రూటియా గారు. ఆయన వయసు అరవై రెండు. పంతొమ్మిదేళ్ళుగా ఆ షాపులో వైరింగు పని ఆయనదే. పెట్టిన రోజు మే 2, బుధవారం. నేను పక్కనే ఉండి పనిముట్లు అందించాను. ఆ రోజు జరిగినదంతా రాయడం అవసరం. ఎందుకంటే తరువాత తీసేసింది ఏమిటో తెలియాలి.

ఆయన కారు కింద వీపు మీద పడుకుని, వెనక ట్యాంకు పక్కన, ట్యాంకు మట్టం కన్నా కిందికి, చట్రానికి పంపు బిగిస్తున్నారు. డ్వేన్ వంగి చూశాడు.

"ఏం పెద్దాయనా, ఇంజను పక్కనే పెట్టేస్తే పోలా? వెనకెక్కడో పాకుతున్నావు!"

"ఈ పంపు తోయడంలో మొనగాడు, పీల్చడంలో సోమరిపోతు. ముందు పెడితే పది అడుగుల నుంచి పీల్చుకోవాలి. ఇక్కడైతే పెట్రోలు దానంతటదే వచ్చి దీని నోట్లో పడుతుంది."

"నాలాగే అన్నమాట."

"నీకన్నా నయం. ఇది తిన్నాక పనిచేస్తుంది."

పంపుకు ముందు వడపోత పెట్టారు. అక్కడి నుంచి ఉక్కు గొట్టం, పొగ గొట్టాలకు తగలకుండా రెండో వైపు నుంచి. కదిలే చోట మాత్రమే చిన్న రబ్బరు ముక్కలు. కార్బరేటర్ల దగ్గర ఒత్తిడి తగ్గించే రెగ్యులేటరు, దాని మీద చిన్న గేజి. పంపు ఏడు పౌండ్ల ఒత్తిడితో తోస్తుంది. ఆయన మర తిప్పి, తిప్పి, ముల్లును ఐదు దగ్గర నిలబెట్టారు.

"ఏడే ఉంచితే ఇంకా జోరుగా పోతుంది కదా?" అన్నాడు డ్వేన్.

"పోతుంది, నీ ఒళ్ళోకి పోతుంది. కార్బరేటరు గిన్నెకు తలుపు ఒక సూది. ఐదు దాటితే ఆ సూది మూసుకోలేదు. నీ కాఫీ కప్పులో తోట గొట్టం పెట్టి తాగుతావా?"

చివరగా కరెంటు. పంపుకు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా ఇవ్వలేదు. ఇంజనులో ఆయిల్ ఒత్తిడిని చూసే ఒక స్విచ్చి ఉంది, దాని గుండా ఇచ్చారు. ఇంజను తిరిగితే ఆయిలుకు ఒత్తిడి వస్తుంది, స్విచ్చి కలుస్తుంది, పంపు ఆడుతుంది. ఇంజను ఆగితే ఒత్తిడి పోతుంది, పంపు ఆగుతుంది. స్టార్టరు తిప్పుతున్నంతసేపు మాత్రం పంపుకు వేరే తీగ నుంచి కరెంటు వస్తుంది. తీగలు కలిపిన ప్రతిచోటా టంకం వేసి, మైనం దారంతో చుట్టారు. ఆయన క్లిప్పులు వాడరు. ఎన్నడూ వాడలేదు. ఈ మాట కింద గీత గీస్తున్నాను.

తరువాత ఆయన ఎప్పుడూ చేసే పరీక్ష చేశారు. నిప్పు పుట్టకుండా కాయిల్ తీగ పీకి, నన్ను స్టార్టరు తిప్పమన్నారు. పంపు టిక్ టిక్ మంటూ ఆడింది. "ఆపు" అన్నారు. నేను ఆపాను. ఆయన వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టారు. ఒకటి. రెండు. మూడు అనేలోపు పంపు నిశ్శబ్దమైంది.

"ఇంజను చచ్చిపోతే ఇదీ చావాలి," అన్నారు డ్వేన్‌తో. "మూడు దాటి ఒక్క టిక్కు వినబడినా ఆ కారు ఎక్కకు."

అప్పుడు జేబులోంచి తెల్లని జిగురు గుడ్డ పట్టీ తీసి, ఒక ముక్క చింపి, తన పేరు పొడి అక్షరాలు, తేదీ రాసి పంపు మీద అంటించారు. మా షాపులో దాన్ని చీటీ అంటాం. పెట్రోలు తీగలను ఎవరు చివరగా ముట్టుకుంటే వాళ్ళు పాత చీటీ పీకి తమది అంటించాలి. అది అన్సెల్మో గారు పెట్టిన కట్టుబాటు. ప్రూయిట్ దాన్ని చూసి నవ్వేవాడు, కానీ ఆపలేదు. ఎందుకంటే ఆ చీటీ ఉన్న కారును ఎండు చెరువు దగ్గర పరుగులు నడిపే కార్ల క్లబ్బువాళ్ళు రెండోసారి తనిఖీ చేయరు. ఆ చీటీ అంటే అంత నమ్మకం.

ఇక మే 10, గురువారం.

అన్సెల్మో గారు ఆ రోజు పన్ను పీకించుకుని ఇంట్లో ఉన్నారు. దవడ వాచిపోయింది. శుక్రవారం కూడా రాలేదు. డ్వేన్ కారు బ్రేకుల పని మిగిలి ఉండడంతో షాపు ముందు ఎండలోనే ఉంది. మధ్యాహ్నం మూడూ ఇరవైకి రివర్‌సైడ్ ఊరి నుంచి ఇద్దరు వచ్చారు, అలాంటి కారే చేయించుకుంటామని. ప్రూయిట్ డ్వేన్ కారు చూపించి స్టార్టరు నొక్కాడు. ఆ వేళ ఎండ నూట నాలుగు డిగ్రీల ఫారన్‌హీట్. కార్బరేటరు గిన్నెల్లో పెట్రోలు ఆవిరైపోయింది. గిన్నెలు నిండేదాకా స్టార్టరు తిప్పుతూనే ఉండాలి. తిప్పాడు. తిప్పాడు. వచ్చినవాళ్ళలో ఒకతను టోపీ తీసి విసురుకుంటూ, "మేం భోంచేసి రామా?" అన్నాడు. రెండో అతను నవ్వాడు. ఇంజను లేచింది కానీ ప్రూయిట్ మొహం మాడిపోయింది.

వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచాడు.

"ఒరేయ్ తెయో, ఆ ముసలాడి తాయెత్తు పీకిపారెయ్. బ్యాటరీ నుంచి నేరుగా పంపుకి ఒక స్విచ్చి పెట్టు. ఆన్ చేసి వదిలేస్తే గిన్నెలు ఎప్పుడూ నిండుగా ఉండాలి."

"పెద్దాయన వచ్చాక అడిగి..."

"పెద్దాయన మంచు గడ్డ బుగ్గన పెట్టుకుని పడుకున్నాడు. బయట బోర్డు మీద ఎవడి పేరుంది?"

"మీదే."

"చదవడం వచ్చుగా. మరి కత్తెర తియ్."

తీశాను. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. మూడూ నలభైకి మొదలుపెట్టి నాలుగూ ఐదుకి పూర్తిచేశాను. ఆయిల్ స్విచ్చి తీగలు కత్తిరించాను. ఆ స్విచ్చిని ఇంజనులోనే వదిలేశాను, పీకితే ఆయిలు కారుతుందని. బ్యాటరీ నుంచి కొత్త తీగ లాగి, స్టీరింగు ఎడమ పక్క, డాష్‌బోర్డు కింద, లోపలి అంచున పైకీ కిందికీ ఎత్తే చిన్న స్విచ్చి బిగించాను. బయటికి కనబడితే అందం పోతుందని ప్రూయిట్ అన్నాడు. కలిపిన చోట్ల నీలం ప్లాస్టిక్ క్లిప్పులు పెట్టి కటింగ్ ప్లేయరుతో రెండేసిసార్లు నొక్కాను. అలా రెండుసార్లు నొక్కడం నా అలవాటు. సాక్ష్యంగా పట్టుకొచ్చిన తీగల మీద ఆ నొక్కులు చూసుకోవచ్చు. నా ప్లేయరు ఈ బల్ల మీదే పెడుతున్నాను, పోల్చి చూడండి.

పని అయ్యాక, "మరి చీటీ?" అని అడిగాను.

"ముసలాడిది ఉందిగా. ఒక పంపుకి రెండెందుకు?"

గుడ్డ పట్టీ చుట్ట నా చొక్కా జేబులోనే ఉంది. ఆ సాయంత్రం దాకా ఉంది. ఇంటికి వెళ్ళి చొక్కా విప్పినప్పుడు కింద పడి మంచం కిందికి దొర్లింది. దాన్ని తీయలేదు.

సాయంత్రం ఐదున్నరకు డ్వేన్ వచ్చాడు. ఇంజను ఒక్క నొక్కుకి లేచింది. వాడికి పండగ. కొత్త స్విచ్చి సంగతి వాడికి మేమెవరం చెప్పలేదు. ఇంజను ఆపి, తాళం తీసి, వెనక్కి వెళ్ళి చెవి పెట్టాడు.

"ఒరేయ్ తెయో, తాళం తీసినా ఏదో టిక్కుమంటోందిరా. ఉండుండి ఒకటి."

ప్రూయిట్ నా వెనకే నిలబడి ఉన్నాడు. చేతులు గుడ్డకు తుడుచుకుంటున్నాడు.

"మామూలే," అన్నాను.

ఆ మాట అన్నది ప్రూయిట్ కాదు. నేను.

మే 12, శనివారం. క్లబ్బు కార్లు ఉదయం ఏడింటికి మెస్కల్ ఎండు చెరువు చేరాయి. గాలి లేదు. తనిఖీ చేసే మనిషి డ్వేన్ కారు వెనక వంగి, చీటీ చూసి, "అన్సెల్మోదే. ఇంక నేను చూసేదేముంది?" అని సుద్దతో అద్దం మీద గీత గీశాడు. పంపు అప్పుడు కూడా టిక్కుమంటూనే ఉంది. పక్కన పదకొండు ఇంజన్లు మోగుతుంటే అతనికి వినబడలేదు. నాకు వినబడింది. ఏం వినాలో నాకు తెలుసు.

డ్వేన్ బయలుదేరింది పదీ నలభైకి. ముప్పావు మైలు దగ్గర నేల మెత్తగా ఉన్న పట్టీ ఒకటి ఉంది. కారు అక్కడ పక్కకు జారి రెండు చుట్లు తిరిగి ఆగింది. ఇంజను ఆగిపోయింది. దుమ్ము తెరలా లేచింది. ఆ తెర వెనక నుంచి డ్వేన్ చెయ్యి బయటికి చాపి ఊపాడు, బాగానే ఉన్నానని. మేమంతా ఈలలు వేశాం. కారు తిరిగిన ఊపుకు రెగ్యులేటరు పట్టీ విరిగి రబ్బరు గొట్టం ఊడిపోయిందని తరువాత తెలిసింది. పెట్రోలు కాగి ఉన్న పొగ గొట్టాల మీద పడింది.

ముందు ఎడమ చక్రం పక్కన మంట లేచింది. డ్వేన్ కారు దిగాడు. తాళం తిప్పి తీసేశాడు, వాడి తప్పేమీ లేదు. సీటు వెనక నుంచి మంటలార్పే సిలిండరు తీసి, ఒంటి చేత్తో బానెట్ ఎత్తి కొట్టాడు. ఆరింది. మళ్ళీ లేచింది. కొట్టాడు. ఆరింది. మళ్ళీ లేచింది. సిలిండరు అయిపోయింది. అప్పుడు తన కోటు తీసి గొట్టం మీద రెండు చేతులతో నొక్కాడు.

నేను రెండు వందల గజాల దూరంలో ఉన్నాను. పరుగెత్తాను. అందరూ సిలిండర్ల కోసం తమ తమ బండ్ల వైపు పరుగెత్తుతున్నారు. నేను కారు వైపు. ఇంజను ఆగి ఉంది. పంపు టిక్ టిక్ టిక్ మంటోంది. మామూలుగా ఉండుండి కాదు, గబగబా, అడ్డే లేనట్టు. ఎడమ తలుపులోంచి చెయ్యి పెట్టి, డాష్‌బోర్డు కింద, లోపలి అంచున ఉన్న స్విచ్చి దించాను. చూడకుండానే దొరికింది. టిక్కు ఆగింది. వెనక వచ్చినవాడు సిలిండరుతో కొట్టాడు. మంట ఆరింది, మళ్ళీ లేవలేదు.

నా ఎడమ చొక్కా చెయ్యి మోచేతి దాకా కాలింది. ఒంటికి ఏమీ కాలేదు. డ్వేన్ నేల మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకోకుండా గాలిలో పట్టుకున్నాడు. "గ్లవ్స్ తీయండిరా, కాలుతున్నాయి," అంటున్నాడు. వాడు గ్లవ్స్ వేసుకోలేదు.

క్లబ్బువాళ్ళు నా వీపు తట్టారు. ఎవరో చల్లని సోడా చేతిలో పెట్టారు. "కుర్రాడు నిప్పులో చెయ్యి పెట్టాడు!" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ స్విచ్చి ఎక్కడుందో నాకెలా తెలుసని ఎవరూ అడగలేదు. ఇవాళ్టిదాకా ఎవరూ అడగలేదు. సార్జంట్ గారు కూడా అడగలేదు.

పదకొండున్నరకు షెరీఫ్ మనుషులు వచ్చారు. ప్రూయిట్ వాళ్ళను కారు వెనక్కి తీసుకెళ్ళి చీటీ చూపించాడు. "వైరింగంతా అన్సెల్మో పని సార్. పాపం, ముసలాయన, ఈ మధ్య కళ్ళు ఆనడం లేదు," అన్నాడు. నేను ఆరడుగుల దూరంలో ఉన్నాను. సోడా సీసా చేతిలో ఉంది. మాట్లాడలేదు.

సోమవారం సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రికి వెళ్ళాను. డ్వేన్ రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. కుడి చేతి రెండు వేళ్ళు మళ్ళీ ముడుచుకోవడం అనుమానమే అన్నారట. బోగీల మధ్య వేలాడుతూ బ్రేకు చక్రం తిప్పే పని వాడిది. నన్ను చూసి నవ్వాడు.

"రారా నిప్పుల హీరో! ఆ నీళ్ళ గ్లాసు పట్టు, స్ట్రాతో తాగాలి నేను. చంటిపిల్లాణ్ణి చేసి కూచోబెట్టారు."

పట్టాను. తాగాడు.

"ఒక్కటే అర్థం కావట్లేదురా. తాళం తీశాను. తాళం తీస్తే అన్నీ ఆగాలి కదా? ఆరిస్తే మళ్ళీ ఎలా లేచింది?"

నాకు తెలియదన్నాను. అది అబద్ధం.

నిన్న, మంగళవారం, సాయంత్రం ఆరింటికి అన్సెల్మో గారింటికి వెళ్ళాను. నిర్లక్ష్యంతో మనిషిని గాయపరిచారన్న ఆరోపణ మీద ఆయన వచ్చే సోమవారం, మే 21న, విచారణకు రావాలని కాగితం వచ్చింది. ప్రూయిట్ ఆయన్ని షాపుకు రావద్దన్నాడు. ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక వైపు దవడతో బీన్స్ పులుసు తింటున్నారు. ఆయన భార్య యులాలియా గారు రొట్టెలు కాలుస్తున్నారు.

నేను నిలబడే మాట్లాడాను. జేబులోంచి కరపత్రం తీసి చదివాను. ఆజ్ఞ ఇచ్చినవాడిదే బాధ్యత, పనిముట్టు పట్టినవాడు వాడి చేతిలో పనిముట్టే అని అందులో ఉంది. ప్రూయిట్‌ను ఊరి నడిమధ్య నిలదీస్తానని అరిచాను.

"గట్టిగా అరవకు నాయనా, పిల్లులు బెదిరిపోతున్నాయి," అన్నారు యులాలియా గారు. "కూర్చో. తింటూ అరుద్దువుగాని."

అన్సెల్మో గారు చెంచా పక్కన పెట్టారు.

"సార్జంటు నాకు ఫొటోలు చూపించాడు. తీగల ఫొటోలు. నీలం ముక్కలున్నాయి వాటి మీద. రెండేసి నొక్కులు."

నేను కూర్చున్నాను.

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

"పంపు మీద ఉన్న చీటీ నాది. నా పేరు దాని మీద పెట్టుకుని వేలు ఇంకొకడి మీద చూపించడం నాకు చేతకాదు. నా కట్టుబాటే నన్ను పట్టుకుంది, ఏం చేస్తాం?"

"ఆయన తీయమన్నాడు పెద్దాయనా! నేను అడిగాను కూడా, మీరు వచ్చాక అని..."

"అడిగావులే. ఆ కాగితం రాసినాయన ఎప్పుడైనా కత్తెర పట్టాడా?"

"పట్టే ఉంటాడు. కార్మికుడే ఆయన."

"అయితే ఆయనకు తెలిసే ఉంటుంది. మనిషికి కోపం వచ్చి ఏదైనా చేస్తే అది ఒక్క క్షణం. నీకు ఎంతసేపు పట్టింది ఆ పని?"

"ఇరవై ఐదు నిమిషాలు."

"ఇరవై ఐదు నిమిషాలు," అన్నారు ఆయన. మళ్ళీ చెంచా తీసుకున్నారు.

యులాలియా గారు నా ముందు రొట్టె పెట్టారు. అది చల్లారేదాకా అక్కడే ఉన్నాను. వెళ్ళబోతుంటే ఆయనే పిలిచారు.

"ఒకటి గుర్తుంచుకో. నా స్విచ్చి ఉన్నా మంట లేచేదే. గొట్టంలో ఉన్న పెట్రోలు ఎలాగూ పడేది. కాకపోతే పళ్ళెంలో పోసినంత మంట. వాడు ఒక్కసారి కొడితే ఆరిపోయేది. నాకు అనుకూలంగా రాస్తున్నావని ఆ మాట వదిలెయ్యకు."

వదలలేదు. రాశాను.

ఇక్కడిదాకా రాసి మొదటి పేజీ మళ్ళీ చదివాను. ప్రూయిట్ గురించి రాసినదాంట్లో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. తీయించింది అతనే. అబద్ధం చెప్పింది అతనే. బోర్డు మీద పేరు తనదైనప్పుడు నిందలో కూడా తన పేరే ఉండాలి, చీటీ మీది పేరు కాదు. కరపత్రాలు కూడా తప్పనడం లేదు. యజమాని మాట కాదంటే సోమవారం పని ఉండదు, అది నిజం. ఆ భయం కరపత్రంలో ఉంది. కానీ గురువారం నన్ను పట్టుకున్నది ఆ భయమేనా అని రాత్రంతా ఆలోచించాను. నిజం చెప్పాలంటే ఆ సంగతి నాకు గుర్తే లేదు. పెద్దాయన లేనప్పుడు వైరింగు పని నాకు ఇచ్చారని సంతోషపడ్డాను. క్లిప్పులు నొక్కుతుంటే ఈల వేశాను. ఇది ఏ కరపత్రంలోనూ లేదు. అందుకే రాస్తున్నాను.

కాబట్టి తీయమన్నది ప్రూయిట్, తీసింది నేను, చీటీ అంటించనిది నేను, డ్వేన్‌కు "మామూలే" అన్నది నేను. అన్సెల్మో ఉర్రూటియా గారు మే 2 తరువాత ఆ తీగను ముట్టుకోలేదు.

ఇది రాస్తే నా మీద కూడా కేసు పెట్టవచ్చని సార్జంట్ గారు రెండుసార్లు హెచ్చరించారు. మొదటిసారి విన్నాను. రెండోసారీ విన్నాను. డ్వేన్‌కు ఇంకా చెప్పలేదు. ఇక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్తాను. కోర్టులో వినడానికి ముందు వాడు నా నోటి నుంచి వినాలి.

ఇంకొకటి రాయాలి. ఈ ఊళ్ళో కరెంటు పంపు పెట్టుకున్న కార్లు నాకు తెలిసి పద్నాలుగు. అందులో తొమ్మిదింటికి ఇంజను ఆగితే పంపును ఆపేది ఏదీ లేదు. ఎవరి ఇంటి ముందు వాళ్ళు సొంతంగా పెట్టుకున్నవే. అందరిదీ ప్రూయిట్ తొందరే, స్టార్టరు ఎక్కువసేపు తిప్పడం నామోషీ. ఈ వాక్యం దగ్గర సార్జంట్ గారు, "ఇదంతా వాంగ్మూలంలోకి ఎందుకు? నువ్వు చూసింది, చేసింది అంతవరకే" అన్నారు. ఆ తొమ్మిదీ నేను చూసినవే అన్నాను. ఉండనిచ్చారు.

పై ఎనిమిది పేజీలు నా చేత్తో, నా ఇష్టంతో రాశాను. కళ్ళతో చూసినదాన్ని చూశానని, చేసినదాన్ని చేశానని, దాచినదాన్ని దాచానని రాశాను. ఒక్క అక్షరం ఎవరూ చెప్పి రాయించలేదు. సార్జంట్ గారి ముందు పైకి చదివాను. తప్పని తేలితే శిక్షకు సిద్ధం, నిజమని తేలినా సిద్ధమే.

సంతకం: తెయోదోరో వెలార్దె
1973 మే 16, మధ్యాహ్నం పన్నెండూ ఇరవై
నా సమక్షంలో: లైల్ హెండర్‌షాట్, సార్జంట్

సంతకం కింద ఏం రాసుకున్నా అది వాంగ్మూలం కాదని, తనకు సంబంధం లేదని సార్జంట్ గారు చెప్పి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఇదే మాట విడిగా రాసి ఇవాళే పెట్రోలు బంకు గోడకూ, రైలు యార్డు గేటుకూ అంటిస్తాను.

పంపు ఉన్న ప్రతి కారు యజమానికీ: శనివారం, మే 19, ఉదయం ఎనిమిది గంటలకు ఫైర్ స్టేషన్ ఎదురుగా ఉన్న ఖాళీ స్థలానికి కారుతో రండి. కాయిల్ తీగ పీకి, స్టార్టరు తిప్పి ఆపి, మూడు లెక్కపెడదాం. మూడు దాటి టిక్కుమన్న కారుకు ఆయిల్ స్విచ్చి నేను పెడతాను. నా పని అన్సెల్మో గారు పక్కన నిలబడి చూస్తారు. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని ఎవరినీ అడగం. ఆయన చేతి పని తెలిసినవాళ్ళు సోమవారం కోర్టులో ఆ మాట చెప్పడానికి అక్కడే పేరు ఇవ్వండి. ప్రూయిట్ గారూ, మీరూ రండి, అందరి ముందూ మాట్లాడుకుందాం. ఎనిమిది గంటలకు. బానెట్లు తెరిచి ఉంచండి.